ఐదో ఏటి కాపు

మా తమ్ముడి తోట ఎండిపోవడానికి కారణం నేనే. ఈ మాట ముందే అనేస్తే నాకు కొంచెం తేలిక. ఊళ్ళో కొందరు వాడు నమ్మిన దేవుణ్ణి తిడతారు, కొందరు వాడి పిచ్చిని తిడతారు, ఇంకొందరు వాననే తిడతారు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనరు. నా పేరు రంగప్ప. తాడిమర్రి పక్కన మా పల్లె. అరవై దాటాయి, బీపీ ఉంది, ముక్కు మీద కోపం ఉంది. ఆ మూడోది లేకపోయి ఉంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

మా తమ్ముడు కుమారస్వామి చెప్పిన మాట చెప్పినట్టు చేసే మనిషి. ఇలాంటివాళ్ళను అందరూ మెచ్చుకుంటారు గానీ వాళ్ళతో వేగడం ఎంత కష్టమో నన్నడగాలి. బెంగుళూరులో బిల్డింగు పనికి పోయిన కొత్తలో మేస్త్రీ వీణ్ణి సిమెంటు మూటల దగ్గర కూర్చోబెట్టి, నేనొచ్చేదాకా కదలొద్దు అన్నాడట. ఇంతలో అత్తగారింట్లో చావు కబురు వచ్చి ఆ మేస్త్రీ అటునుంచి అటే చిలమత్తూరు బస్సెక్కేశాడు. వీడు రెండు రోజులు అక్కడే కూర్చున్నాడు. వాన వస్తే ఒంటి మీది చొక్కా కూడా విప్పి మూటల మీద కప్పాడు. మేస్త్రీ తిరిగొచ్చి పొట్ట పట్టుకుని నవ్వి, ఒక రోజు కూలే ఇచ్చాడు. ఎందుకు లేచి రాలేదురా అని నేను కేకలేస్తే, పొమ్మని చెప్పలేదు కదన్నా అన్నాడు.

అలాంటివాడి చేతికి పాత నిబంధన వచ్చింది. ఇచ్చింది కూలీల రేకుల షెడ్లలో వీళ్ళ పక్క దాంట్లో ఉండే సెంట్రింగు కూలీ. అతని పేరు ఆంజనేయులు, నమ్ముకున్నది మాత్రం యేసును. మా వాడు చదివింది మూడో తరగతి. వేలు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. మోషేకు దేవుడు ఆజ్ఞలు చెప్పే చోటికి వచ్చి అక్కడే ఆగిపోయాడు. మిగతావాళ్ళు ఆ పేజీలు గబగబా తిప్పేస్తారట. వీడికి అవే నచ్చాయి. ఏది తినాలి, ఏది తినకూడదు, పంట కోసేటప్పుడు పొలం మూలలు ఎవరి కోసం వదలాలి, కూలివాడికి కూలి ఎప్పుడివ్వాలి, అన్నీ ఉన్నాయట అందులో. అంత వివరంగా ఏ పనీ ఎవరూ చెప్పలేదు వాడికి. దేవుడంటే మంచి మేస్త్రీ అన్నా, చెప్పి మర్చిపోయేవాడు కాదు అన్నాడు నాతో ఒకసారి. నేను నవ్వాను.

పదకొండేళ్ళు బెంగుళూరులో ఉన్నారు వాడూ, వాడి భార్య ఈరక్కా. చివరి ఏడు ఈరక్క ఇటుకల తట్టతో చెక్క మీద నుంచి జారి పడింది. నడుము దెబ్బతింది. ఇక బరువులు ఎత్తొద్దు అన్నాడు డాక్టరు. కూడబెట్టుకున్నదంతా పట్టుకుని ఊరికి వచ్చేశారు. నాయన పంచి ఇచ్చిన పొలంలో గట్టుకు పైన నాది, కింద వాడిది. వాడి భాగంలో ఒక బోరు, దాని కింద చీనీ మొక్కలు, అంటే బత్తాయి, పెట్టారు. ఈరక్క ఆ రేకుల షెడ్డు ముఖం మళ్ళీ చూడనని ఒట్టు పెట్టుకుంది. ఆ చెట్లు బతికితే వాళ్ళు ఊళ్ళో ఉంటారు, చస్తే మళ్ళీ బెంగుళూరే. ఇది వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు.

మొక్కలు పెట్టిన రోజే వాడు నాకు లెక్క చెప్పాడు. తినే పండ్ల చెట్టు ఏది నాటినా మూడేళ్ళు దాని కాపు ముట్టకూడదు. నాలుగో ఏడు పండిందంతా దేవునిది. ఐదో ఏడు నుంచి మనం తినొచ్చు, అప్పటి నుంచి కాపు హెచ్చుతుంది. ఇదీ ఆజ్ఞ. మొదటి మూడేళ్ళలో ఎక్కడైనా పిందె కనిపిస్తే వాడు గిల్లి పారేసేవాడు. ఉద్యానశాఖ నుంచి వచ్చిన ఆఫీసరు అది చూసి భుజం తట్టాడు. లేత చెట్టుకు కాపు నిలపకూడదు, మీ తమ్ముణ్ణి చూసి నేర్చుకోండి అని నాకు కూడా ఒక ముక్క చెప్పి పోయాడు. అలా మూడేళ్ళు దేవుడూ ఆఫీసరూ ఒకే మాట మీద ఉన్నారు. ఇబ్బంది నాలుగో ఏడు వచ్చింది.

ఆ ఏడు చెట్లు విరగకాశాయి. బెంగుళూరు వ్యాపారి ఒకడు రెండుసార్లు వచ్చి తోట చుట్టూ తిరిగాడు. తమ్ముడు అమ్మనన్నాడు. నేను తిట్టాను. ఈరక్క బతిమాలింది. చివరికి వాడు పోయే చర్చి పాస్టరుకు కబురు పెట్టాం. పాపం ఆయన మంచివాడు, ధర్మవరం నుంచి ఎర్రటి ఎండలో స్కూటరు మీద వచ్చాడు. ఆ ధర్మశాస్త్రం ఇశ్రాయేలీయులకు ఇచ్చింది, మనం కృప కింద ఉన్నవాళ్ళం, ఒక గంప మందిరానికి తెచ్చి ప్రార్థన చేయించుకుని మిగతాది అమ్ముకోమని నచ్చజెప్పాడు. మా వాడు గ్రంథం తెచ్చి ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాడు.

"ఒక గంప అని యాడుండాదో చూపించండయ్యా. చూపిస్తే అట్లే చేస్తా."

పాస్టరు చూపించలేకపోయాడు. మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఈరక్క ఆ పూట పొయ్యి వెలిగించలేదు. మరుసటి రోజు వెలిగించింది. ఇంకొక్క ఏడే కదా బావా అంది నాతో. అప్పుడు ఆమెకు నమ్మకం ఉంది, దేవుడి మీద కాదు, చెట్ల మీద.

కోత మొదలుపెట్టాక తమ్ముడు నా దగ్గరికి వచ్చి బండి అడిగాడు. నాకొక మినీ లారీ ఉంది. హిందూపురంలో తల్లీ తండ్రీ లేని పిల్లల హాస్టలు ఒకటి ఉందట, కాయలన్నీ అక్కడ పంచాలట. ఒక్క కాయ అమ్మకూడదు, మా ఇంట్లో ఒక్కరు కూడా నోట పెట్టకూడదు. మొదటి లోడుకు వాడూ నాతో వచ్చాడు. పిల్లలు కాయల్ని రసం కారేలా కొరుక్కుని తిన్నారు. మా వాడు గోడకు ఆనుకుని నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను, కాదు, వాడి పెదవులు కదులుతున్నాయి. రెండో లోడుకు వాడు కోత దగ్గర ఉండిపోయి నన్ను ఒక్కణ్ణే పంపాడు.

పెనుకొండ దగ్గర హైవే మీద టీ తాగడానికి ఆపాను. అక్కడే ఆ బెంగుళూరు వ్యాపారి లారీ నిలబడి ఉంది. అతను నా బండి వైపు చూశాడు, నేను అతని వైపు చూశాను. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. టీ చల్లారేలోగా కాయలు నా బండిలోంచి అతని లారీలోకి మారిపోయాయి. మూడో లోడూ అంతే, నాలుగోదీ అంతే. ఇంటికి వచ్చి పంచేశానని చెప్పాను. నేను పంచానంటే పంచినట్టే వాడికి, ఇంకో ప్రశ్న అడగలేదు.

అప్పుడు నాకు తప్పనిపించలేదు, నిజంగానే చెబుతున్నాను. వాడు పారేసుకుంటున్నది నేను ఏరుకుంటున్నాను అనుకున్నాను. ఎప్పుడో ఒకప్పుడు వాడికే ఇస్తాలే అని కూడా ఒకసారి అనుకున్నాను. అనుకున్నట్టు గుర్తుంది గానీ ఆ మాట నేనే నమ్మలేదు.

కాయలమ్మిన ఆ దుడ్లతో బోరు వేయించాను. నా పాత బోరు రెండేళ్ళుగా వేలు లావున పోస్తోంది, మల్బరీ ఎండుతోంది, పట్టుపురుగులకు ఆకు చాలడం లేదు. నీళ్ళు చూసేవాడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని నా చేనంతా తిరిగి, తిరిగి, తమ్ముడి గట్టు పక్కకు వచ్చేసరికి ఆ టెంకాయ లేచి నిలబడింది. వాడి బోరుకు అంత దగ్గర్లో వేయకూడదని నాకు తెలుసు. తమిళనాడు నుంచి వచ్చిన రిగ్గువాడికీ తెలుసు. తెలిసినవాళ్ళం ఇద్దరం కలిసి తొమ్మిది వందల అడుగులు దింపాం. నీళ్ళు పైకి ఎగజిమ్మినప్పుడు అందరికంటే ముందు పరిగెత్తుకుంటూ వచ్చింది మా తమ్ముడే. తడిసిపోయి నవ్వాడు. దేవుడు నిన్ను చూసినాడన్నా అన్నాడు.

దీపావళి నాటికి వాడి బోరు గాలి పోయడం మొదలుపెట్టింది. ఇంకో పదిహేను రోజులకు అదీ లేదు. అప్పటికి ఐదో ఏటి కాపు నిమ్మకాయంత ఉంది చెట్ల మీద. ఐదేళ్ళలో వాళ్ళకు మొదటి కాపు అది. వాడు నాతో గొడవ పడలేదు. ట్యాంకరుతో నీళ్ళు తెప్పించి గట్టు మీద తొట్టిలో పోయించుకుంటే, ఈరక్క ఆ నడుముతో బిందెలు మోసి చెట్టు చెట్టుకూ పోసేది. బిందె దించినప్పుడల్లా ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని కాసేపు వంగే ఉండిపోయేది. అది నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు గట్టు మీదుగా పైపు వేసి, గేట్ వాల్వు బిగించి, దినం మార్చి దినం వాడి డ్రిప్పుకు నీళ్ళు వదిలాను. మల్బరీలో సగం ఎండబెట్టుకున్నాను కూడా. చెట్లు తేరుకున్నాయి. నా లోపల కూడా ఏదో సర్దుకుంది. సరిపోయిందిలే, లెక్క సమానమైంది అనుకున్నాను.

ఆ మాట అక్కడే ఉంచుకోవలసింది. వాళ్ళు కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకున్నారు. ఒక మధ్యాహ్నం పాస్టరూ, పదిమంది విశ్వాసులూ తోటలోకి వచ్చారు. నన్నూ పిలిచారు, పోయాను. చెప్పొద్దూ, నా పేరు కూడా ఒకసారి వినబడుతుందని ఆశపడే పోయాను. తమ్ముడు లేచి నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగో ఏడు నేను దేవునిది దేవునికి ఇచ్చినా, ఐదో ఏడు ఆయన బండలోంచి నాకు నీళ్ళు ఇచ్చినాడు, మా అన్న బోరు దేవుడు నా కోసరమే ఏపిచ్చినాడు అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. మోటారు నాది, పైపు నాది, ఎండిన మల్బరీ నాది. స్తోత్రం మాత్రం ఆయనకు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అవునబ్బా, మీ దేవుడే ఏపిచ్చినాడు," అన్నాను. "నువ్వు ఆయనకిచ్చిన కాయల్ని పెనుకొండలో అమ్మి, ఆ దుడ్లతోనే ఏపిచ్చినా."

  తమ్ముడు నా వైపు తిరిగి, ఎన్ని లోడ్లన్నా అని అడిగాడు. మూడు అన్నాను. అప్పటికే నా గొంతు దిగిపోయింది. వాడు గట్టు దాకా నడిచి, వంగి, వాల్వు కట్టేశాడు.  పాస్టరు వెంటపడి, తెలియక వాడుకున్నావు నాయనా, నీ మీద దోషం లేదు, దేవుడు హృదయాన్ని చూస్తాడు అని ఏమేమో చెబుతున్నాడు.

"తెలీకుండా తాగినాయి చెట్లు," అన్నాడు వాడు. "తెలిసినాంక యట్ల తాపేది అయ్యా?"

మరుసటి రోజు పొద్దున వాడు గ్రంథం తీసుకుని మా ఇంటికి వచ్చాడు. ముఖంలో కోపం లేదు. దారి ఒకటి ఉండాదన్నా, రాత్రంతా చూసి పట్టినా అన్నాడు. దేవునికి ప్రతిష్ఠించింది ఎవరైనా వాడుకుంటే దాని విలువ తిరిగి ఇవ్వాలి, ఇంకో ఐదో వంతు కలిపి ఇవ్వాలి, అప్పుడు దోషం పోతుంది అని మోషేకు చెప్పాడట. ఆ మూడు లోడ్ల డబ్బూ, దాని మీద ఐదో వంతూ నేను హిందూపురం పిల్లలకు ఇచ్చేస్తే చాలు.

"ఇచ్చేస్తే ఆ నీళ్ళు నీవైతాయన్నా. నీవైతే నేను తీసుకుంటా. కాయలు ఇంగా చిన్నవే, టయిం ఉండాది."

అంత సులువుగా ఉండింది. నా దొడ్లో ఇరవై రెండు గొర్రెలు ఉన్నాయి. అవి తోలుకుపోయి అమ్మితే సరిపోయేది. నా భార్య కదిరమ్మ కూడా వాకిట్లో నిలబడి అదే చెప్పింది, ఇచ్చేయి, పీడ పోతుంది అని. కానీ నాకు ఐదో వంతు అన్న మాట గుచ్చుకుంది. నా తమ్ముడు, నేను భుజాన ఎక్కించుకుని తిప్పినవాడు, నా ఇంటికొచ్చి నాకు జరిమానా వేస్తున్నాడు. పట్టుగూళ్ళు అమ్మినాక చూద్దాంలే అన్నాను. పట్టుగూళ్ళు అమ్మాను. చూడలేదు.

వాల్వు కట్టేసిన పదోరోజు ఈరక్క వచ్చింది. ఆకులు ముడుచుకుంటున్నాయి అంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీకు ఇచ్చే మనసు ల్యాకపోతే పోనీ బావా. ఆయప్ప ఆదివారం ప్రార్థనకు ధర్మవరం పోతాడు. మద్యానం దాకా రాడు. అప్పుడన్నా నీళ్ళు ఇడ్సు. ఆయప్పకు తెలీకుండా నేను చూసుకుంటా."

నేను వెంటనే ఒప్పుకున్నాను. గొర్రెలు అమ్మడం కంటే వాల్వు తిప్పడం సులువు. ఆదివారం వాడు బస్సెక్కగానే ఆమె గట్టు మీదికి వచ్చి నిలబడేది, నేను మోటారు వేసేవాణ్ణి. వాడు వచ్చే వేళకు కట్టేసి, తడిసిన పాదుల మీద ఆమె శెనక్కాయ పొట్టు పరిచేసేది. వాల్వు కట్టేసిన రోజు నుంచి వాడు పాదుల్లో చెయ్యి పెట్టడం మానేశాడు, దేవుని చేతికి వదిలేశాను అన్నాడట. అందుకే మా ఆట సాగింది. వారానికి ఒక్క తడి అయినా కాయ ఊరింది. చుట్టుపక్కల తోటల్లో ఆకు రాలిపోతుంటే వీడి చెట్లు పచ్చగా నిలబడ్డాయి. వాడు రోజూ ఒక్కొక్క చెట్టు దగ్గరా ఆగి ఆకును వేళ్ళతో నిమిరి పోవడం నేను మా గట్టు మీద నుంచి చూసేవాణ్ణి. మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత్తర్వాత అటు చూడటం మానేశాను.

ఆరు ఆదివారాలు గడిచాయి. ఏడో ఆదివారం వాడు మధ్యాహ్నం దాకా ఆగలేదు. పొద్దున పదిన్నరకే రెండు ఆటోలు తోట దగ్గర ఆగాయి. వాడూ, పాస్టరూ, చర్చిలోని ఆడవాళ్ళూ మగవాళ్ళూ దిగారు. నీళ్ళు లేకుండా దేవుడు పచ్చగా ఉంచిన చెట్లను చూడ్డానికి వచ్చారు. అప్పుడు అర్థమైంది నాకు. వాడు ప్రతి ఆదివారం అక్కడ లేచి నిలబడి ఇదే చెబుతున్నాడు. మేము ఇక్కడ వాల్వు తిప్పే వేళకు సరిగ్గా వాడు అక్కడ సాక్ష్యం చెబుతున్నాడు.

మోటారు నడుస్తోంది. ఈరక్క చేతిలో పార ఉంది. పొట్టు ఒక పక్కకు తీసేసి ఉంది. వాడు నవ్వుతూ అందరికంటే ముందు నడిచి వచ్చి మొదటి పాదులో కాలు పెట్టాడు. చీలమండ దాకా బురదలోకి దిగిపోయింది. వాడు కాలు పైకి తీసి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. నా వైపు చూడనే లేదు. ఈరక్క వైపు తిరిగాడు.

"ఆడ నిలబడి సాక్ష్యం చెప్పినా కదే," అన్నాడు. "ఆరు వారాలు దేవుని ముందర అబద్ధం చెప్పినా."

ఆమె పార వదిలేసింది. వాడు గొంతు పెంచలేదు, చెయ్యి ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని ఆమె తర్వాత మా కదిరమ్మతో అందట. పాస్టరు వచ్చినవాళ్ళను చల్లగా ఆటోలు ఎక్కించి తీసుకుపోయాడు. నేను మోటారు ఆపేసి ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను. ఆ రోజు నాకు నా మీద అసహ్యం వేసింది. అంతకుముందు ఎప్పుడూ వేయలేదు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అది నిజం.

కాయ పక్వానికి రావడానికి ఇంకో రెండు వారాలుంది. కాయలు ఆ ఉన్న తడితోనే పండాయి. మళ్ళీ అదే వ్యాపారి వచ్చి మంచి ధర చెప్పాడు. తమ్ముడు అమ్మనన్నాడు. పోనీ పోయినేడులాగా పంచేయమన్నాను, అదీ కుదరదన్నాడు. దొంగ నీళ్ళతో పండింది దేవునికి పెట్టకూడదు, పిల్లల నోట్లోనూ పెట్టకూడదు. అమ్మేదానికీ నావి కావు, ఇచ్చేదానికీ నావి కావు అన్నాడు. కాయలు పసుపెక్కి, మెత్తబడి, ఒక్కొక్కటే రాలాయి. రాలిన చోటే కుళ్ళాయి. ఆ వాసన గట్టు దాటి మా ఇంటి దాకా వచ్చేది. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూసి, తల అడ్డంగా ఊపి పోయేవాళ్ళు. ఈరక్క తోటలోకి రావడం మానేసింది.

ఎండలు ముదిరాయి. ఒకరోజు పొద్దున లేచి గొర్రెలన్నిటినీ తోలుకుపోయి అమ్మేశాను. ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే అమ్మాను. మూడు లోడ్ల డబ్బూ, దాని మీద ఐదో వంతూ హిందూపురం హాస్టల్లో ఇచ్చి, రసీదు రాయించుకుని సాయంత్రానికి తమ్ముడి దగ్గరికి వచ్చాను. వాడు రసీదు వేలు పెట్టుకుని మొత్తం చదివాడు. మడిచి నాకే ఇచ్చాడు.

"మంచి పని చేసినావన్నా. ఇప్పుడు ఆ నీళ్ళు నీవి."

అని లేచి పోయి వాల్వు తిప్పాడు. డ్రిప్పు పైపుల్లో నీళ్ళు కారడం మొదలైంది. అప్పటికి ఆ తోటలో పచ్చని ఆకు ఒక్కటి లేదు. నేను ఒక కొమ్మ వంచితే పుల్లలాగా విరిగింది. ఇంకో కొమ్మ, అదీ అంతే. బెరడు గోటితో గీరి చూశాను, లోపలంతా గోధుమ రంగు. చచ్చిపోయినాయి కుమారా, అన్నాను. వాడికి కనిపించకనా. అయినా దినం మార్చి దినం వచ్చి వాల్వు తిప్పుతాడు. చెట్టు నాటినవాడు నీళ్ళు పోయాలి అంటాడు. ఎక్కడైనా చిగురు వస్తే మళ్ళీ ఒకటో ఏటి నుంచి లెక్క పెడతాడట. ఆ ఎండు కట్టెల మధ్య నీళ్ళు కారుతుంటే చూడలేక, నేనే ఒకసారి ఏడ్చాను. వాడు నా వీపు నిమిరాడు. అది ఇంకా కష్టంగా ఉండింది.

జూన్లో ఈరక్క బయల్దేరింది. బెంగుళూరులో పాత మేస్త్రీకే ఫోను చేసింది. బరువులు ఎత్తలేను, కూలోళ్ళకు వంట చేసి పెడతాను అంటే రమ్మన్నాడట. తమ్ముణ్ణి రమ్మని అడిగింది. చెట్లను వదిలి ఎట్ల వచ్చేది అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. ధర్మవరం స్టేషనుకు నేనే బండిలో తీసుకుపోయాను.  రైలు ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద బెంచీకి ఆ చివర ఆమె, ఈ చివర నేను కూర్చున్నాం.

క్షమించమని అడగాలనుకుని నోరు తెరిచాను. ఆమె ముందే అందుకుంది.

"నువ్వు కాయలు అమ్ముకున్నేది తప్పే బావా. బోరు ఏసినేదీ తప్పే. అవి నాకు పెద్ద బాధ ల్యా. ఆ పొద్దు నోరు మూసుకుని ఉండలేకపోతివే, అది మాత్రం నీకు ఇడ్సను."

 ఆమె సంచి విప్పి, గుడ్డలో చుట్టిన చీనీకాయ ఒకటి తీసింది. రాలినప్పుడు ఒకటి ఏరి దాచుకుందట. తోలు నల్లబడి, కాయ ముడతలు పడి ఉంది. గోళ్ళతో ఒలవడం మొదలుపెట్టింది. ఐదేండ్లు చెట్లు సాకినా, ఒక్క తొన తిన్లేదు అంది, ఎవరితోనో చెబుతున్నట్టు. ఒక తొన నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. కళ్ళు మూసుకోలేదు, ఏడవలేదు.

"తియ్యగా ఉండాది బావా."

అలవాటుగా ఒక తొన తీసి నా వైపు చెయ్యి చాపింది. చాపి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుని అది కూడా తనే తినేసింది. మిగతా తొనలు ఒక్కొక్కటే, రైలు వచ్చేదాకా, మొత్తం తనే తినేసింది. నేను సంచి ఎత్తి రైలు పెట్టెలో పెట్టాను. చాలా బరువుగా ఉంది. అవతల దాన్ని దించిపెట్టేవాళ్ళు ఎవరైనా ఉంటారా అని అడిగాను, ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని కిటికీ పక్కకు జరిగింది.